అత్తయ్య దేవుడంటారు, ఆయన అమ్మేద్దామంటారు: ఈ రాతి చేపను ఏం చేయను?

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు వివరంగా ఉత్తరం రాశారు. పేరు, ఉండే పేట బయటపెట్టొద్దన్నారు. వయసు ముప్పై ఎనిమిది. ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరు. డిగ్రీలో జియాలజీ చదివారు. పెళ్లయ్యాక ఆ పుస్తకాలు అటకెక్కాయి గానీ రాతిలో మిగిలిపోయిన చేపల మీద ఇష్టం మాత్రం పోలేదట.

2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు అత్తగారితో మహారాష్ట్రలోని సిరోంచ వెళ్లి, ఆమెకు అన్న వరసయ్యే ఎనభై ఏళ్ల పెద్దాయన ఇంట్లో దిగారు. పెరట్లో కాళ్లు కడుక్కునే చోట ఒక సున్నపురాతి పలక ఉంది. నీళ్లు పోసేసరికి అందులోంచి జానెడున్నర చేప తేలింది. నల్లగా నిగనిగలాడే పొలుసులు వరస తప్పకుండా ఉన్నాయి. “మా నాన్న ఎప్పుడో వాగులోంచి తెచ్చి వేశాడు, కావాలంటే తీసుకుపోమ్మా” అన్నారట ఆయన.

విశాఖ వచ్చాక ఆ పలక ఇంటిల్లిపాదినీ నాలుగు వైపులకు లాగుతోంది. “మత్స్యావతారం మనింటికి నడిచొచ్చింది” అని అత్తగారు దాన్ని దేవుడి గదిలో పెట్టి, ఏకాదశి ఏకాదశికీ పాలు, పెరుగు, తేనెలతో అభిషేకం చేస్తున్నారు. భర్త ఫొటోలు పంపితే ఒక వ్యాపారి ఎనభై వేలు ఇస్తానన్నాడు. ఇంటి లోను ఉంది, అమ్మేద్దామంటున్నారాయన. డిగ్రీలో పాఠం చెప్పిన మేడమేమో “అది ఇంట్లో ఉండాల్సిన వస్తువు కాదు, పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చెయ్” అన్నారు. ఈమెకు దాన్ని ఎవరికీ ఇవ్వాలని లేదు. ఆ మాట పైకి అనలేకపోతున్నారు.

దీనికి తోడు ఇంకో రగడ. రాతి చేపను పోల్చుకోవాలంటే మామూలు చేపల ఎముకలు తెలియాలని, ఆదివారాలు ఫిషింగ్ హార్బరుకు వెళ్లి చేప తలకాయలు తెచ్చి, ఉడికించి, ఎముకలు విడదీసి మిఠాయి డబ్బాల్లో దాస్తున్నారు. ఇంట్లో నీచు వాసన, ఫ్రిజ్‌లో తలకాయలు. “టీచరమ్మవి, నీకిదేం పిచ్చి?” అంటున్నారట భర్త. చేపలమ్మే ఒకావిడ తనకు రంపపు చేప ముక్కు కూడా ఇచ్చిందని ఉత్తరం చివర ఒక్క వాక్యం. “నాది స్వార్థమా? ఇదంతా మానుకుంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందా?” అని అడుగుతున్నారు.

సమాధానం:

అమ్మా, మీరు ఒక్క వాక్యంలో తేల్చేసినదే నాకు ముందుగా కంగారు పుట్టించింది. రంపపు చేపలు మన సముద్రంలో దాదాపు కనుమరుగయ్యాయి. 2001 నుంచి అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పులి కూడా ఉన్నది అందులోనే. బతికున్న చేప సంగతి అలా ఉంచి, ఎండిన ముక్కును కొన్నా, అమ్మినా, అనుమతి లేకుండా దగ్గర ఉంచుకున్నా చిక్కే. మీకు ప్రేమగా ఇచ్చిన ఆవిడకు ఈ సంగతి తెలిసి ఉండదు. దాని ఫొటో ఎవరికీ పంపకండి, ఇంకొకరి చేతికి ఇవ్వకండి. ఒక న్యాయవాదిని అడిగి, ఆయన చెప్పిన పద్ధతిలో అటవీ శాఖకు అప్పగించండి. పలక సంగతి నిదానంగా తేల్చుకోవచ్చు. ఇది మాత్రం ఈ వారంలో అయిపోవాలి.

ఇక పలక. అది ఎవరి దగ్గర ఉండాలన్నది కాసేపు పక్కన పెట్టి, సిరోంచ పెద్దాయనకు ఫోన్ చేయండి. ఏ వాగు, ఏ ఊరికి ఏ దిక్కున, గట్టు పొరలోంచి ఊడిందా, ఏటి అడుగున దొరికిందా, వాళ్ల నాన్నగారు అలాంటివి ఇంకేమైనా తెచ్చారా, అన్నీ అడిగి తేదీ వేసి రాసుకోండి. ఆయన ఒప్పుకుంటే ఆ మాటలు రికార్డు చేయండి. మీ ఉత్తరంలో చేప గురించి రెండు పేజీలున్నాయి, ఆ వాగు పేరు మాత్రం ఎక్కడా లేదు. ఆ ఒక్క వివరం ఇవాళ ఆయన జ్ఞాపకంలో తప్ప ఇంకెక్కడా లేదు. రేపు పలకను అమ్మినా, ఇచ్చినా, ఉంచుకున్నా ఆ వివరం ఉంటేనే అది చరిత్ర. లేకపోతే అందమైన రాయి, అంతే.

మీకు తెలిసే ఉంటుంది గానీ ఇంట్లో వాళ్ల కోసం రాస్తున్నాను. ప్రాణహిత, గోదావరి లోయలో భూగర్భ శాస్త్రవేత్తలు ‘కోట’ అని పేరు పెట్టిన రాతి పొరలున్నాయి. జురాసిక్ కాలపువి, సుమారు 17, 18 కోట్ల ఏళ్ల నాటివని ఎక్కువమంది లెక్క. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఆ పొరల్లోదే. అక్కడి సున్నపురాతి చేపల గురించి పంతొమ్మిదో శతాబ్దం మధ్యలోనే పండితులు రాశారు. లెపిడోటిస్ డెక్కనెన్సిస్ అన్న పేరు అప్పుడు పెట్టిందే.

మీ చేప కూడా లెపిడోటిసే అనుకుంటున్నానని రాశారు. కావచ్చు. మీరు వర్ణించిన పొలుసులు దానికి సరిపోతున్నాయి. వజ్రం ఆకారంలో మందంగా, పైన గాజు పూసినట్టు మెరుస్తూ, ఒకదాని మేకు పక్కదాని గుంటలో దిగి పెంకుటింటి కప్పులా అల్లుకుని ఉంటాయి. మన కవళ్ల పొలుసు పల్చగా, గుండ్రంగా ఉండి బొటనవేలితో రుద్దితే రాలిపోతుంది. ఈ తేడా మీ కంటికి వెంటనే ఆనిందంటే ఆ ఆదివారాల చలవే. అయినా పేరు ఖాయం చేయడానికి తొందరపడకండి. అదే పొరల్లో టెట్రగోనోలెపిస్, పారడాపీడియం అని ఒళ్లు వెడల్పైన చేపలూ ఉన్నాయి, వాటివీ మెరిసే పొలుసులే. ఒంటి పొడవెంత, లోతెంత, వెన్ను రెక్క ఎక్కడ మొదలైంది, తోక పై భాగంలోకి పొలుసులు ఎంతదాకా పాకాయి, ఇవన్నీ కొలిచి బొమ్మ గీయండి. పక్కన స్కేలు పెట్టి, ఏటవాలు వెలుతురులో ఫొటోలు తీయండి. వెనక్కి తిప్పి కూడా తీయండి. వెనక అంటుకున్న మట్టిని మాత్రం కడిగేయకండి. ఆ సున్నపురాతిలో భూతద్దానికి గానీ అందని చిన్న గుల్లలు, నీటి మొక్కల గింజల్లాంటివి ఉంటాయి. పొర వయసు తేల్చడానికి ఒక్కోసారి చేప కంటే అవే పనికొస్తాయి.

అత్తయ్యగారి దగ్గరికి వద్దాం. ఆమె చేస్తున్నది మూఢత్వమని మీరు ఎక్కడా రాయలేదు, అందుకు మీ మీద గౌరవం పెరిగింది. తరతరాలుగా మన ఇళ్లలో పూజలందుకుంటున్న సాలగ్రామాలూ శిలాజాలే. గండకీ నది ఒడ్డున దొరికే ఆ నల్లరాళ్లలోని చక్రాలు ఒకనాటి సముద్ర జీవులైన అమ్మోనైట్ల గుల్లలు. రాతిలో చేపను చూసి ఆమె చేతులు జోడించడం ఆ దారిలోదే.

చిక్కంతా అభిషేకంతోనే. సున్నపురాయి మీద పులుపు పడితే ఏమవుతుందో మీరు క్లాసులో పిల్లలకు చెప్పే పాఠమే. పెరుగులోని ఆమ్లం కొంచెమే అయినా, నెలకు రెండుసార్లు చొప్పున ఏళ్ల తరబడి పడితే రాయి పైపొర వదులవుతుంది, పొలుసుల అంచులు లేస్తాయి. పసుపు, నూనె సందుల్లోకి ఇంకితే మళ్లీ రావు. ఈ సంగతి ‘మీరు పాడు చేస్తున్నారు’ అన్న ధోరణిలో చెబితే ఆమె మనసు విరిగిపోతుంది. గుడి మర్యాదలోంచి చెప్పండి. మూలవిరాట్టు అరిగిపోకూడదనో, కదలకూడదనో చాలా గుళ్లలో అభిషేకం లోహపు మూర్తికి చేస్తారు. మన సింహాచలం అప్పన్న ఏడాది పొడుగునా చందనం కిందే ఉంటాడు, నిజరూప దర్శనం అక్షయ తృతీయ నాడే. దేవుణ్ణి ఎలా తాకాలో, ఎప్పుడు తాకాలో కట్టడి ఉండటం ఆమెకు కొత్త కాదు. చిన్న ఇత్తడి మత్స్యమూర్తిని తెచ్చి పాలూ పెరుగూ దానికి, పలకకు దూరం నుంచి పువ్వూ దీపమూ అని అడిగి చూడండి. పలక దేవుడి గదిలోనే ఉన్నా, గాజు పెట్టెలో ఉంటే చాలు. సముద్రపు ఉప్పుగాలి కూడా తగలదు. వచ్చే ఏకాదశి లోపు ఈ ఒక్క మార్పు జరిగితే మిగతా నిర్ణయాలకు వ్యవధి దొరుకుతుంది.

మీవారి ఆలోచనలో నాకు అత్యాశ కనిపించలేదు. లోను కట్టే ఇంట్లో ఎనభై వేలంటే మాటలు కాదు. అయితే అమ్మకం వెనక ఏముందో ఆయనకు పూర్తిగా తెలియాలి. శిలాజాలకంటూ విడిగా చట్టం లేదని వ్యాపారులు ధీమాగా చెబుతారు. 2022లో కేంద్రం భూవారసత్వ స్థలాలు, అవశేషాల రక్షణకు ముసాయిదా బిల్లు బయటపెట్టింది, ప్రభుత్వం ఎటు చూస్తోందో దాన్నిబట్టే తెలుస్తుంది. అది అటుంచినా, సిరోంచ చుట్టూ ఉన్నది అడవి. 1927 నాటి అటవీ చట్టం ప్రకారం అడవిలోంచి తెచ్చిన రాయి కూడా అటవీ ఉత్పత్తే. ఆ వాగు రిజర్వు అడవిలో ఉంటే, డబ్బు చేతులు మారిన రోజు నుంచి జవాబు చెప్పుకోవాల్సింది మీరే. కాబట్టి వాగు ఎక్కడుందో తేలకుండా, న్యాయవాదిని అడగకుండా బయానా తీసుకోవద్దు.

రాయికి జరిగేది వేరే. వ్యాపారి చేతిలో పడ్డాక పలకను చక్కగా చదరంగా కోస్తారు, వెనక మట్టి గీకేస్తారు, లేని రెక్కకు రంగు వేస్తారు, పైన వార్నిష్ పూస్తారు. కొన్నాళ్లకు అది ఎవరి హాల్లోనో అద్దాల బీరువాలో ఉంటుంది, ఏ ఊరిదో ఎవరికీ తెలియదు. ఇంకొకటి ఆయన లెక్కలో ఉండకపోవచ్చు. అత్తయ్యగారి దృష్టిలో ఆయన అమ్మేది దేవుణ్ణి. లోను తీరుతుంది, ఆ మాట మాత్రం తల్లీకొడుకుల మధ్య చాలాకాలం ఉండిపోతుంది.

పరిశోధకులకు ఇవ్వడమంటే మీ మేడంగారు చెప్పినంత తేలిక కాదు, మీరు భయపడుతున్నంత కష్టమూ కాదు. విశాఖలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జియాలజీ విభాగం ఉంది. జియలాజికల్ సర్వే ఉంది. గోదావరి లోయ శిలాజాల మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో వాటికో మ్యూజియమే ఉంది. ముందు ఫొటోలు, కొలతలు, పెద్దాయన చెప్పిన వివరం పంపి అభిప్రాయం అడగండి. పలక చేయి దాటనవసరం లేదు. మామూలు చేపేనని తేలితే వాళ్లే మీ దగ్గర ఉంచుకోమనవచ్చు. కొత్తదేదో అయితే మాత్రం చిక్కు వస్తుంది. ఒకరి ఇంట్లో ఉన్న రాయిని ఆధారంగా చూపి కొత్త జాతికి పేరు పెట్టడానికి మంచి పత్రికలు ఒప్పుకోవు. ఎవరైనా వచ్చి మళ్లీ సరిచూసుకోగలిగే చోట, నంబరు వేసి ఉండాలి.

ఇవ్వదలిస్తే ఉత్త చేతులతో ఇచ్చి రాకండి. రాతపూర్వకంగా రసీదు, రిజిస్టరులో నంబరు, మీరు ఎప్పుడు వెళ్లినా చూడనిచ్చే ఏర్పాటు, ఇంటికి ఒక నకలు అడగండి. అచ్చు పోసి రంగు వేసిన నకలు అసలుకు చాలా దగ్గరగా ఉంటుంది. ఆ అచ్చు తీసే పని అలవాటున్నవాళ్లే చేయాలి, ఇంట్లో ప్రయత్నిస్తే పొలుసులు ఊడొస్తాయి.

ఉంచుకోవాలనుంది అనడానికి మొహమాటపడుతున్నారు. ఎందుకు? ఆ పెరట్లో నీళ్లు పోసినప్పుడు పదిమంది కాళ్లు కడుక్కున్నారు, చేపను చూసింది మీరొక్కరే. దాన్ని వదులుకోలేకపోవడంలో స్వార్థం లేదు. ఆ వాగు సంగతి తేలి, చట్టపరమైన అడ్డు లేదనుకుంటే ఉంచుకోండి. కానీ అలా ఉంచుకుంటే బాధ్యత కూడా మీదే. పొడిగా, ఎండ పడని చోట ఉంచాలి. వివరాలు రాసిన కాగితం పెట్టెలోనే ఉండాలి. మీ తరువాత ఏ సంస్థకు వెళ్లాలో ఇప్పుడే రాసి పెట్టాలి. లేకపోతే ముప్పై ఏళ్ల తరువాత ఇల్లు సర్దేవాళ్లు దాన్ని మళ్లీ పెరట్లో వేస్తారు.

మీ స్థానంలో నేనుంటే నకలు ఇంటికి, అసలు మ్యూజియంకు అనేవైపే మొగ్గుతాను. చూసిన కళ్లు మీవి, ఆ చూపు రాయితోపాటు పోదు. అయితే ఈ నిర్ణయం మీ ఇంట్లో ముగ్గురూ కూర్చుని తీసుకోవాల్సింది. ఇప్పటిదాకా ఆ పలక మీకేమిటో మీవారికి మీరు ఒక్కసారైనా చెప్పినట్టు ఉత్తరంలో కనిపించలేదు. నీచు వాసన ఆయనకు తెలుసు, ఆ డబ్బాల్లో ఏముందో తెలియదు.

అందుకే ఒక పని చేయండి. ఈసారి గొరక తలకాయ ఉడికించినప్పుడు ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకోండి. పుర్రె అడుగున, మెదడుకు రెండు పక్కలా ఉండే చెవి రాళ్లు తీసి ఆయన అరచేతిలో పెట్టండి. తెల్లగా, గట్టిగా, గొరకలో బాగా పెద్దవిగా ఉంటాయి. ఒక రాయిని తిప్పి చూపిస్తే దాని మీద తోకకప్ప ఆకారంలో గాడి కనిపిస్తుంది. ఆ గాడి చూసే ఇది గొరక జాతిదని చెప్పవచ్చు. రాయిని పల్చగా కోస్తే లోపలి వలయాలను బట్టి చేప వయసు అంచనా కడతారు. ఎముకలన్నీ చివికిపోయినా ఇవి మిగిలిపోతాయి. దక్కన్ లావా పొరల నడుమ మట్టిలో ఇలాంటివే దొరికితే, అప్పటి చెరువుల్లో ఏ చేపలుండేవో వాటిని చూసే చెప్పారు. మీవారికి నచ్చుతుందని హామీ ఇవ్వలేను. ‘పిచ్చి’ అనే ముందు ఒక్క క్షణం ఆగుతారని మాత్రం అనుకుంటున్నాను.

మానుకోవాలా అన్నారు. వద్దు. వాసన మీద మాత్రం ఇంట్లోవాళ్ల మాటే న్యాయం, అక్కడ మీరు తగ్గాలి. పొయ్యి డాబా మీదికి మార్చండి. తలకాయలు వంటింటి ఫ్రిజ్‌లో పెట్టకుండా తెచ్చిన పూటే ఉడికించేయండి, లేదా మూత బిగిసే డబ్బాలో విడిగా ఉంచండి. శనివారాలు, ఏకాదశి, కార్తీక మాసం అత్తయ్యగారివి, ఆ రోజుల్లో ఈ పని వద్దు. ఎముకలు ఆరేటప్పుడు జల్లెడ బోర్లించండి, లేకపోతే కాకులు పంచుకుంటాయి. డబ్బా మీద చేప పేరు, పొడవు, తెచ్చిన తేదీ రాయడం మీకు అలవాటే అన్నారు, సంతోషం. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో విశాఖలో ఉన్న ప్యాట్రిక్ రసెల్ అనే వైద్యుడు ఈ తీరంలో పట్టిన 200 చేపలకు బొమ్మలు, వర్ణనలు సిద్ధం చేసి, ఇక్కడివాళ్లు పిలిచే పేర్లతో 1803లో అచ్చు వేయించాడు. మీరు హార్బరులో చేస్తున్న పనికి ఈ ఊళ్లో అంత పాత వరస ఉంది.

ఊరి చుట్టుపక్కల కొండల్లో వెతుకుతానని రాశారు. ఆ శ్రమ వద్దు. మన కొండలు ఖొండలైటు, చార్నొకైటు రాళ్లవి. సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట, చేపలనేవే పుట్టకముందు, భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ రూపు మారినవి. బొర్రా సున్నపురాయీ అంతే. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం, అక్కడ చేయి పెట్టకూడదు, చేపలు దొరకవు కూడా. సెలవుల్లో రాజమండ్రి అవతల దుద్దుకూరు వైపు వెళితే లావా కింది సున్నపురాతిలో సముద్రపు నత్తగుల్లలు చూడవచ్చు. క్వారీ యజమాని అనుమతితో, పేలుళ్లు లేని వేళ, నెత్తిన హెల్మెట్‌తో వెళ్లండి.

కొనాలనిపిస్తే బ్రెజిల్ చేపల జోలికి పోకండి. 1942 నుంచి అక్కడి శిలాజాలు ప్రభుత్వ ఆస్తి, బయట అమ్మకానికి కనిపించేవి చాలావరకు దొంగతనంగా దాటించినవే. అమెరికాలోని వయోమింగ్‌లో ప్రైవేటు క్వారీలు చట్టబద్ధంగా అమ్మే నైటియా అనే చిన్న చేప ఉంది, సుమారు 5 కోట్ల ఏళ్లది, మన కవళ్ల కుటుంబానికి చెందినదే. ఏ క్వారీదో రాసి ఇస్తేనే కొనండి. అతినీలలోహిత టార్చి వేసి చూడండి, జిగురు, రంగు పూసిన చోట్లు చాలావరకు వేరే రంగులో వెలుగుతాయి.

పలకను చివరికి ఏ మ్యూజియంకైనా ఇచ్చేట్టయితే మీరొక్కరే వెళ్లకండి. మీవారినీ, అత్తయ్యగారినీ వెంట తీసుకెళ్లండి. దాన్ని ఎక్కడ పెడతారో, ఎవరు చూస్తారో ఆమె కళ్లారా చూడాలి. రిజిస్టరులో దాత పేరు రాసేటప్పుడు మీ పేరు పక్కనే సిరోంచ పెద్దాయన పేరూ, వాగులోంచి మోసుకొచ్చిన వాళ్ల నాన్నగారి పేరూ వేయించండి.